వంటింటి కత్తికి సానపెట్టడం ఎలా?

రెండు వాలు ముఖాలు సన్నని గీతలా కలిసే చోటే కత్తికి పదును. వాడేకొద్దీ ఆ గీత అరిగి గుండ్రమవుతుంది. రెండు వైపులా లోహాన్ని అరగదీసి ఆ ముఖాలను మళ్ళీ కలిపితే సానపెట్టినట్టు. అవి కలిశాయో లేదో కంటికి సరిగా కనపడదు, వేలికి మాత్రం తెలుస్తుంది.

మొదట్లో 1000 గ్రిట్ నీటి సానరాయి ఒక్కటి చాలు (గ్రిట్ అంటే గరుకును చెప్పే అంకె, అంకె పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది). అంచు పళ్ళు పళ్ళుగా విరిగితే 400 కావాలి. 3000 పైబడిన నున్నటి రాళ్ళ సంగతి తర్వాత చూడొచ్చు. రంపపు పళ్ళ కత్తుల్ని, సిరామిక్ కత్తుల్ని ఈ రాయి మీద పెట్టకండి.

రాయి

నానబెట్టే రకమైతే నీళ్ళలో బుడగలు ఆగేదాకా, సుమారు 10–15 నిమిషాలు ఉంచాలి. కొన్నిటికి పైన నీళ్ళు చల్లితే చాలు, ఏ రకమో పెట్టె మీద చూసుకోండి. తడిగుడ్డ పరిచి దాని మీద రాయి పెడితే కదలదు. రుద్దేటప్పుడు చేరే బూడిదరంగు బురదను కడిగేయకండి, అదీ అరగదీస్తుంది.

కోణం

ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. 45 మి.మీ. వెడల్పున్న కత్తి వీపును (పదును లేని వైపును) రాయి నుంచి 12 మి.మీ. ఎత్తితే దాదాపు 15, 15 మి.మీ. ఎత్తితే దాదాపు 20 డిగ్రీలు వస్తాయి. గట్టి ఉక్కుతో చేసిన పల్చటి కత్తికి 15 బాగుంటుంది. మెత్తటి స్టెయిన్‌లెస్ స్టీలుకు 20 మేలు, తగ్గిస్తే అంచు తొందరగా మడతపడుతుంది.

కోణం కుదిరిందో లేదో తెలియాలంటే అంచు వాలు మీద మార్కర్‌తో రంగు పూసి నాలుగుసార్లు రుద్ది చూడండి. రంగు పైభాగంలోనే పోతే వీపు మరీ కిందికుంది. అంచు చివర మాత్రమే పోతే మరీ పైకెత్తారు. వాలంతా పోతే ఆ ఎత్తునే నిలబెట్టండి.

రుద్దడం

ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి వేళ్ళను అంచుకు కాస్త వెనక, రాయికి ఆనిన చోటికి సరిగ్గా పైన ఉంచండి. ఎక్కువగా అరిగేది ఆ వేళ్ళ కింది భాగమే, కాబట్టి పిడి దగ్గర నుంచి మొన దాకా వేళ్ళను జరుపుతూ రండి. మొన దగ్గర అంచు వంపు తిరుగుతుంది కనుక అక్కడ పిడిని కొద్దిగా పైకెత్తాలి. ఎత్తకపోతే మొన మొద్దుగానే మిగిలిపోతుంది.

ఎన్నిసార్లు రుద్దాలన్నదానికి లెక్క లేదు. రాయికి తగలని వైపున, అంచు పొడవునా సన్నని గరుకు లేచేదాకా రుద్దాలి. దీన్నే బర్ అంటారు. బొటనవేలిని వీపు నుంచి అంచు వైపుకు, అడ్డంగా జార్చి చూడండి, అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ లాగకండి. ఒక్క చోట బర్ తగలకపోయినా అక్కడ ముఖాలు కలవలేదన్నమాటే. కత్తి తెగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, బర్ రాకముందే కత్తి తిప్పేస్తారు. వచ్చాకే రెండో వైపు మొదలుపెట్టి, బర్ ఇటు మళ్ళేదాకా రుద్దండి.

బర్ తీసేయడం

బర్ ఉన్న కత్తి మొదటి రోజు భలే కోస్తుంది, మర్నాటికి అది మడతపడి మొద్దవుతుంది. అందుకే చివర్లో ఒత్తిడి బాగా తగ్గించి, కత్తి బరువుతోనే, వీపు ముందు, అంచు వెనక ఉండేలా ఒక్కోవైపు ఒక్కోసారి మార్చి మార్చి 6–8 సార్లు లాగండి. వేలికి ఏ వైపూ గరుకు తగలకూడదు.

పల్చటి కాగితాన్ని గాల్లో పట్టుకుని కోయండి. ఎక్కడ చిరిగితే అక్కడ బర్ మిగిలిందనో, మొద్దుగా ఉందనో అర్థం, అంతవరకే మళ్ళీ రాయి మీద పెట్టండి.

నాలుగైదుసార్లు వాడాక రాయి మధ్యలో గుంటపడొచ్చు, గుంట రాయి మీద కోణం నిలవదు. పైన పెన్సిల్‌తో గళ్ళు గీసి, అద్దం మీద పరిచిన తడి 220 గరుకు కాగితంపై రుద్దండి. గీతలన్నీ చెరిగితే చదునైనట్టే. కడిగి నీడలో ఆరబెట్టండి.