ఊరి దిగుడుబావిని మళ్లీ వాడుకలోకి తేవడం ఎలా?

తెలంగాణ పల్లెల్లో పాత మెట్ల బావులు చాలావరకు చెత్తతో పూడిపోయాయి. కామారెడ్డి జిల్లా లింగంపేటలోని నాగన్న బావిలా బాగుచేసుకుంటే పొరుగూళ్ల జనం చూడ్డానికి వస్తారు. అయితే ముందుగా అది ఆ ఊరివాళ్లకే పనికిరావాలి.

మొదట బావి ఎవరిదో రెవెన్యూ భూ రికార్డులో (పహాణీలో) చూడండి. పట్టా భూమిలో ఉంటే యజమానితో రాతపూర్వక ఒప్పందం, ఆపైన గ్రామసభ తీర్మానం చేయించండి. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేనిదే రాయి కదపొద్దు. ఫొటోలు, కొలతలు తీసుకుని, ఊడిన రాళ్లకు నంబరు చీటీలు కట్టండి.

సంక్రాంతి దాటాక మొదలుపెడితే మృగశిర కార్తెలోపు ముగించొచ్చు. నీళ్లు రోజుకు అడుగు, రెండడుగుల చొప్పునే తోడాలి. ఒక్కసారిగా తోడేస్తే గోడ వెనక నానిన మట్టి లోపలికి తోసి రాతివరసలు కూలతాయి. పూడికలో విషవాయువులుంటాయి. దీపం దించి చూడటాన్ని నమ్ముకోవద్దు, అది ఆరకపోయినా విషవాయువు ఉండొచ్చు. గ్యాస్ మీటరుతో పరీక్షించాకే, నడుముకు తాడు కట్టి మనిషిని దించండి.

పూడికను జల్లెడ పట్టండి. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

రావి మొక్కలను పీకొద్దు. వేలెడంత మొలక వేరు కూడా రాళ్ల సందులో పలచగా అణిగి, రెండు వరసల అవతల మళ్లీ లావెక్కుతుంది. లాగితే రాయీ ఊడొస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరు ఎండాక కొంచెం కొంచెంగా తీయాలి.

ఎక్కువమంది చెడగొట్టేది అతుకుల దగ్గరే. సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక పక్క రాయి పొరలు పొరలుగా రాలుతుంది. డంగు సున్నమే వాడండి: నీళ్లలో కనీసం రెండు వారాలు మాగిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు మూడు పాళ్లు. కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లతో కలపాలి. ఉత్త సున్నం నీళ్లలో గట్టిపడదు కాబట్టి, నీరు తాకే వరసలకు ఇసుకలో సగం తగ్గించి మెత్తని ఇటుక పొడి వేయండి. తడి గోనెసంచులు కప్పి రెండు వారాలైనా ఆరనివ్వకూడదు. ఎండకు త్వరగా ఆరితే బీటలిస్తుంది.

మురుగు కాలువలను పక్కకు మళ్లించి, వాననీరు వచ్చే దారిలో ఇసుక, మట్టి ఆగేలా గుంట తవ్వండి. బతుకమ్మ ఆటకు గట్టు చదును చేయండి, చూడవచ్చేవాళ్లకు భోజనం వండిపెట్టే పని మహిళా సంఘానికి అప్పగించండి. ఏటా వానలకు ముందు మొలకలు కోయడానికి, ఆ గుంటలో పూడిక ఎత్తడానికి మనుషుల పేర్లు పంచాయతీ రిజిస్టరులో రాసిపెట్టండి.