ఇంటి ఖర్చులు నగదు నుంచి ఫోన్‌కు మార్చుకోవడం ఎలా?

బస్సులో కండక్టర్ టికెట్ వెనక చిల్లర రాసిస్తే, దిగేదాకా అదే ధ్యాస. కిరాణా కొట్టులో రెండు రూపాయలకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టేవారు. యూపీఐ వచ్చాక ఈ చిల్లర గొడవ చాలావరకు తీరింది. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ పద్ధతి, అదే ఏడాది నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాక అందరి నోటా నానింది. 2020 జనవరి 1 నుంచి ప్రతి చెల్లింపు మీద వ్యాపారుల నుంచి కోసుకునే ఎండీఆర్ ఛార్జీ తీసేయడంతో తోపుడుబండ్ల మీద కూడా స్కానర్లు కనిపిస్తున్నాయి.

అయితే నగదుతో ఒక రక్షణ ఉండేది. జేబులో ఐదు వందలుంటే పోయేది ఐదు వందలే. ఫోన్‌కు జీతం అకౌంట్ కలిపి ఉంటే నష్టం అంతటితో ఆగదు. ఆ హద్దు మనమే పెట్టుకోవాలి.

1. ఖర్చులకు వేరే అకౌంట్ పెట్టుకోండి

జీతం, పొదుపు ఉన్న అకౌంట్‌ను యూపీఐకి కలపకండి. ఇంకో సేవింగ్స్ అకౌంట్ తెరిచి, దాన్ని మాత్రమే యాప్‌లో పెట్టండి. వారానికి సరిపడా డబ్బు అందులోకి వేసుకుంటే ఖర్చు కూడా అదుపులో ఉంటుంది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు కలిగే బాధ స్కాన్ చేసేటప్పుడు కలగదు కదా. టీ, కూరగాయల్లాంటి చిన్న ఖర్చులకు యాప్‌లోనే ఉండే చిన్న పర్సు లాంటి యూపీఐ లైట్ వాడితే పాస్‌బుక్ నిండా చిల్లర ఎంట్రీలు పడవు.

2. పిన్ ఎందుకు కొడతామో ఇంట్లో అందరికీ చెప్పండి

డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికే పిన్. డబ్బు రావడానికి అక్కర్లేదు. ఈ ఒక్క మాట గట్టిగా నాటుకుంటే చాలా మోసాలు అక్కడే ఆగిపోతాయి. పాత సోఫా అమ్ముతామని ప్రకటన పెడతారు. కొనేవాడిలా ఒకడు ఫోన్ చేసి, బేరం కూడా ఆడకుండా ఒప్పుకుని, "అడ్వాన్స్ పంపుతున్నా సార్, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ అకౌంట్లో పడుతుంది" అంటాడు. కొట్టగానే మీ డబ్బే వాడికి పోతుంది. వ్యక్తుల మధ్య "నాకు ఇంత పంపు" అని పెట్టే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు. స్కానర్ పంపి పిన్ కొట్టించే పని మాత్రం ఇంకా సాగుతోంది.

3. డబ్బు కట్ అయి అవతలికి చేరకపోతే

కంగారుపడి వెంటనే మళ్లీ పంపకండి. ముందు యాప్‌లో స్టేటస్ చూసి, ఆ చెల్లింపును గుర్తించే యూటీఆర్ నంబర్ రాసుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2019 నిబంధనల ప్రకారం మనిషికి పంపింది మర్నాటికల్లా, దుకాణానికి కట్టింది 5 రోజుల్లోగా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఫిర్యాదు యాప్‌లోనో బ్యాంకులోనో చేయండి. కస్టమర్ కేర్ నంబర్ కోసం నెట్‌లో వెతికితే మోసగాళ్లు పెట్టిన నంబర్లు తగులుతాయి.

మోసపోయారా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. దొంగిలించిన డబ్బు నిమిషాల్లో నాలుగైదు అకౌంట్లు మారుతుంది కాబట్టి సిగ్గుపడుతూ రేపటికి వాయిదా వేయొద్దు.

4. దుకాణం ఉంటే మరికొంత జాగ్రత్త

పొద్దున షట్టర్ తీయగానే మీ స్కానర్‌ను మీరే ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి. రాత్రికి రాత్రి దాని మీద ఇంకో స్టిక్కర్ అంటించి పోయేవాళ్లున్నారు. గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి. సౌండ్ బాక్స్ పలికాకే సరుకు ఇవ్వండి.

చిట్టీ డబ్బు, తమ్ముడు తిరిగిచ్చిన అప్పు దుకాణం స్కానర్‌కు రానివ్వకండి. 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపారు. దాంతో చాలామంది "యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే" అని బోర్డులు పెట్టేశారు. లెక్క తేలడం దేశానికి మంచిదే. బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడు ఆ లెక్కే మనకూ పనికొస్తుంది. కానీ వచ్చిన ప్రతి రూపాయీ అమ్మకం కాదని నిరూపించుకోవాల్సింది మాత్రం వ్యాపారే. దుకాణానికొకటి, ఇంటికొకటి రెండు అకౌంట్లు ఉంటే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది.

5. పెద్దవాళ్లను బలవంతపెట్టకండి

బటన్ ఫోన్ ఉన్నవాళ్లకు నెట్ లేకుండానే డబ్బు పంపే *99#, యూపీఐ 123పే ఉన్నాయి. ఆసక్తి ఉంటే పక్కన కూర్చుని నేర్పండి, లేకపోతే వదిలేయండి. ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్‌ను నేటికీ ఇంటికెళ్లి చేతికే ఇస్తున్నారు. మంచం దిగలేని ముసలమ్మకు నోటు చేతిలో పడితేనే డబ్బు వచ్చినట్టు. 2016లో నగదు రహిత గ్రామంగా పేరు తెచ్చుకున్న సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్ కూడా తర్వాత మళ్లీ నగదు వైపే మళ్లింది. నోటు ఇస్తే తీసుకోననే హక్కు ఏ దుకాణానికీ ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

6. ఇంట్లో కొంత నగదు ఉంచండి

2025 ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ మొరాయించింది. అదే నెల 28న స్పెయిన్, పోర్చుగల్‌లో కరెంటు పోయి కార్డులు పనిచేయకపోతే, చేతిలో నగదు ఉన్నవాళ్లే సరుకులు కొనుక్కోగలిగారు. నగదు వాడకం దాదాపు మానేసిన స్వీడన్, 2024 నవంబర్ నుంచి ఇంటింటికీ పంపిన చిన్న పుస్తకంలో కనీసం వారానికి సరిపడా నగదు దగ్గర పెట్టుకోమంది.

మన ఇంటికీ అదే లెక్క. వారానికి పాలు, కూరగాయలు, మందులు, ఆటో ఖర్చు ఎంతో కూడి, ఆ మొత్తం పక్కన పెట్టండి. అందరి ఫోన్లూ మూగబోయిన రోజున 500 నోటుకు చిల్లర పుట్టదు కాబట్టి 100, 50, 10 నోట్లే ఉంచండి. ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి తప్పకుండా చెప్పండి.