నలభై దాటాక కెండో: ముందు ఎడమ కాలు సంగతి చూడండి

కెండో అంటే వెదురు కత్తితో నేర్చుకునే జపాను కత్తియుద్ధ విద్య. అందులో 8వ డాన్ (పై స్థాయి) పరీక్షకి వెళ్ళాలంటే కనీసం 46 ఏళ్ళు ఉండాలి. కండబలం ఒక్కటే చాలే విద్య అయితే ఇలాంటి నిబంధన ఉండేది కాదు. కాబట్టి ‘ఈ వయసులో నాకెందుకు’ అన్న సందేహం అక్కర్లేదు. భయపడాల్సింది వేరే ఉంది: మనసుకున్నంత తొందర పిక్కకి ఉండదు.

నిలబడే తీరు చూస్తే ఎందుకో తెలుస్తుంది. కుడి పాదం ముందు, ఎడమ పాదం వెనక. ఎడమ కాలి వేళ్ళు కుడి మడమకి సరిగ్గా సమంగా రావాలి. రెండు పాదాల మధ్య అడ్డంగా పిడికిలంత ఎడం. ఎడమ మడమ నేలకి కొంచెం పైకి లేచి ఉంటుంది. ప్రతి దెబ్బకీ ఒళ్ళంతటినీ ముందుకి నెట్టేది ఆ ఎడమ కాలే. ఆ భారమంతా పిక్కని మడమకి కలిపే స్నాయువు మీద పడుతుంది. నడివయసులో కెండోకి వచ్చినవాళ్ళకి తెగేది అదే. తెగినప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపిస్తుంది, ఒక్కోసారి ‘టప్’మన్న శబ్దం కూడా వినిపిస్తుంది. అప్పుడు ఆ కాలి మీద బరువు వెయ్యకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ప్రమాదం పెంచే తప్పులు ఇవీ: ఎడమ పాదం బయటికి తిరగడం, మడమ మరీ ఎత్తడం, పాదాల మధ్య దూరం ఎక్కువవడం, ఒళ్ళు వేడెక్కకముందే దూకడం, అలసిపోయాక ‘ఇంకొక్క రౌండు’ అనడం. దీనికి మందు వ్యాయామమే, అది మెల్లగా పనిచేస్తుంది. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, గోడ పట్టుకుని, రెండు కాళ్ళతో పైకి లేచి, ఎడమ కాలి మీద మాత్రమే మూడు నాలుగు సెకన్లు తీసుకుంటూ కిందికి దిగండి. రోజు విడిచి రోజు 10 సార్లతో మొదలుపెట్టి, నొప్పి లేకపోతేనే పెంచండి. కుడి కాలికీ చెయ్యండి. పొద్దున్నే మంచం దిగగానే మడమ వెనక బిగుసుకున్నట్టుంటే ఆ వారం దూకుడు అడుగులు వద్దు.

దూకుడు అడుగంటే ఫుమికోమి. కుడి పాదాన్ని నేల మీద చప్పుడయ్యేలా వేస్తూ కొట్టడం. మొదటి నెలా రెండు నెలలూ దాని జోలికి పోకుండా సురియాషి, అంటే పాదాల్ని ఈడుస్తూ జారే నడక, ఒక్కటే సాధన చెయ్యండి. తర్వాత ఫుమికోమికి వచ్చినా పాదం ఎత్తుగా లేపకూడదు, అరికాలు మొత్తం ఒకేసారి నేలని తాకాలి. మడమ ముందు పడితే కమిలి రోజుల తరబడి కుంటాల్సి వస్తుంది. కొత్తవాళ్ళలో ఎక్కువగా కనిపించే లోపం, కుడి కాలు ముందుకి వెళ్ళాక ఎడమ కాలు వెనకే ఉండిపోవడం. దాన్ని వెంటనే లాక్కోవాలి, లేకపోతే రెండో దెబ్బకి అడుగే దొరకదు.

చేతుల్లోనూ ఎడమదే పెత్తనం. ఎడమ చెయ్యి షినాయ్ (వెదురు కత్తి) పిడి చివర, బొడ్డుకి పిడికిలంత దూరంలో ఉండాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు గట్టిగా, మిగతావి వదులుగా. కుడి చెయ్యి త్సుబా (పిడి పైన ఉండే గుండ్రటి అడ్డు) కింద తాకినట్టుంటే చాలు. దెబ్బ తగిలే క్షణంలో తడిబట్ట పిండినట్టు రెండు చేతులూ లోపలికి బిగించి, వెంటనే వదలాలి. జీవితమంతా కుడి చేత్తోనే పనులు చేసినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు: కుడి చెయ్యి లాగుతుంది, షినాయ్ మధ్యగీత తప్పి పక్కకి పోతుంది, కొన్నాళ్ళకి మోచెయ్యి నొప్పి మొదలవుతుంది. అద్దం ముందు నిలబడి పిడి చివర ఎడమ చేత్తోనే పట్టి 10 సార్లు ఊపి చూసుకోండి. ఎడమచేతి వాటం వాళ్ళు కూడా ఇలాగే పట్టుకోవాలి. రోజూ సరిగ్గా చేసిన 30 సుబురి (గాలిలో కత్తి ఊపడం), తప్పుగా చేసిన 300 కన్నా మేలు. గెంతుతూ చేసే హయా సుబురిని కొన్ని నెలలు వాయిదా వెయ్యండి.

పెద్దల పోటీలకి 39 సైజు షినాయ్ వాడతారు: పొడవు 120 సెంటీమీటర్లు మించకూడదు, బరువు మగవాళ్ళకి కనీసం 510 గ్రాములు, ఆడవాళ్ళకి 440. భుజం నొప్పి ఉంటే గురువుని అడిగి, సాధన వరకు 38 సైజు వాడుకోవచ్చు. ఏదైనా సరే, ప్రతిసారీ మొదలుపెట్టే ముందు పొడి గుడ్డని నాలుగు వెదురు బద్దల మీదుగా మెల్లగా నడపండి. ఎక్కడ పోగు తగులుకుందో అక్కడ పేడు లేచినట్టు. చిన్నదైతే గరుకు కాగితంతో నున్నగా చెయ్యండి, బద్ద చీలితే మార్చెయ్యండి. నాకయూయి, అంటే కొన దగ్గరి తోలు కట్టు, జారితే మళ్ళీ బిగించండి. ఇదంతా చాదస్తం కాదు, ఆ పేడు ఎదుటివాళ్ళ ముఖకవచం కమ్మీల సందులోంచి కంట్లోకి పోగలదు.

కవచం, అంటే బోగు, కొనడానికి తొందర వద్దు. గురువు చెప్పేదాకా మామూలు దుస్తులు చాలు. హకామా (కుచ్చిళ్ళున్న వదులు పంట్లాం) వచ్చాక కూర్చునేటప్పుడు ముందు ఎడమ కాలు, లేచేటప్పుడు ముందు కుడి కాలు. అటూ ఇటూ అయితే అంచు తొక్కుకుని తూలిపోతారు. నీలిమందు అద్దిన బట్టని మొదట్లో విడిగా, చన్నీళ్ళలోనే ఉతకాలి. మోకాళ్ళు సహకరించకపోతే సేయిజాలో (మోకాళ్ళ మీద) కూర్చోలేనని, సోన్క్యో (మునివేళ్ళ మీద గొంతుక్కూర్చోవడం) చెయ్యలేనని మొదటి రోజే చెప్పెయ్యండి. నిలబడి నమస్కరించడానికి ఒప్పుకుంటారు. పళ్ళు బిగబట్టి ఓర్చుకోవడం మర్యాద కాదు. కళ్ళజోడు ఉంటే ముఖకవచం కొనేముందే దాంతో సహా పెట్టి చూసుకోవాలి.

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. పిక్క సలుపుతున్న రోజు పూర్తిగా మానెయ్యనక్కర్లేదు, కొయ్యకత్తితో కాటా, అంటే ఇద్దరు కలిసి చేసే ముందే నిర్ణయించిన కదలికల వరసలు, చెయ్యండి. మొత్తం పది: ఏడు పొడవు కత్తివి, మూడు పొట్టి కత్తివి. దెబ్బలు ఒంటికి తగలకుండా ఆగిపోతాయి కాబట్టి స్నాయువుకి విశ్రాంతి దొరుకుతుంది, దూరం అంచనా కట్టడం మాత్రం ఆగదు.