కొండమొక్కల రాళ్లమడి కట్టే ముందు జాగ్రత్తలు

వరంగల్, హనుమకొండ ప్రాంతంలో కొండమొక్కల తోట పెట్టదలచినవారు, ఏ కొండల మొక్కలు కావాలన్నది మొదట తేల్చుకోవాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది కనుక, చలికాలమంతా మంచు కింద గడిపే హిమాలయ మొక్కలు మన మే నెల ఎండలో ఎంత నీడ కల్పించినా బతకవు. వాటిని డార్జిలింగ్‌లో 1878లో ఏర్పడిన లాయిడ్ బొటానికల్ గార్డెన్ వంటి చోట చూసి రావడమే మేలు. మన మడికి గుట్టల మీది నల్లేరు, అడవి ఉల్లి వంటివే తగినవి.

అన్నింటికన్నా ముఖ్యం నీరు నిలవకపోవడం. రాతి సందుల్లో పెరిగే మొక్క ఎండకు తట్టుకుంటుంది గాని, వేళ్ల దగ్గర నిలిచిన నీటికి తట్టుకోలేదు. అడుగు లోతు గుంత తవ్వి, బిందెడు నీళ్లు పోసి, గంట తర్వాత చూడండి. నల్లరేగడిలో అప్పటికీ నీళ్లు మెరుస్తూనే ఉంటాయి. అలాంటిచోట మడిని నేలకు ఎత్తుగా కట్టి, అడుగున కంకర, పైన దొడ్డు ఇసుక కలిపిన ఎర్రమట్టి నింపాలి. రాళ్లను మూడోవంతు పాతి, కాస్త వెనక్కి వాల్చితే వాననీరు వేళ్ల వైపు జారుతుంది. ప్రతి రాయి మీదా నిలబడి చూడండి. కదిలితే మళ్లీ పాతాలి, ఎందుకంటే కదిలే రాయి లేత వేళ్లను తెంపేస్తుంది.

రాయి ఎత్తే ముందు కింద తేలు ఉందేమో కర్రతో కదిపి చూడాలి. అడవి ఉల్లి గడ్డ విషపూరితం, నల్లేరు రసం దురద పెడుతుంది; చేతికి గ్లౌజులు ఉండాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాల నుంచి మొక్కలు పీకి తేవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధం. మొక్కలు నర్సరీలోనే కొనండి.