వీల్‌చైర్‌కు తగ్గట్టు ఇల్లు: ముందు బాత్రూం, ఆఖరున ర్యాంపు

ఇంట్లో ఒకరికి వీల్‌చైర్ వచ్చిందంటే మేస్త్రీని పిలిచి మొదట కట్టించేది వాకిట్లో ర్యాంపే. నలుగురికీ కనబడేది అదే మరి. కానీ ర్యాంపు ఎక్కి దిగేది రోజుకు ఒకటి రెండు సార్లు, బాత్రూంకు పోవాల్సింది ఐదారు సార్లు. చేతిలో పైసలు తక్కువుంటే పనిని ఈ వరుసలో పెట్టుకోండి: బాత్రూం, మంచం, లోపలి తలుపులు, ఆ తర్వాత ర్యాంపు. ర్యాంపు లేకుంటే ఆస్పత్రికి పోయే రోజు ఇద్దరు పట్టి దింపుతారు. బాత్రూంలో రోజూ ఎవరు ఎత్తుతారు?

మేస్త్రీ వచ్చేలోపు టేపు పట్టండి

18 అంగుళాల సీటున్న మామూలు మడత కుర్చీకి బయటి వెడల్పు 25-26 అంగుళాలు. కాళ్లు పెట్టే పలకలతో కలిపి పొడవు 42 అంగుళాల దాకా, సీటు ఎత్తు 19-20 అంగుళాలు. మీ కుర్చీ ఇంతే ఉండాలని లేదు, దాన్నే కొలవండి. సొంతంగా చేతులతో తోసుకునేవాళ్లకు రెండు పక్కలా కనీసం రెండేసి అంగుళాల ఖాళీ కావాలి, లేకుంటే వేళ్ల కణుపులు దర్వాజకు గీసుకుపోతాయి. తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీ 32 అంగుళాలకు తగ్గొద్దు. కొత్తగా పెట్టేదైతే 36 ఉండేట్టు చూడండి. కుర్చీ ఉన్నచోటే వెనక్కి తిరగడానికి 5 అడుగుల వలయం కావాలి. చాక్‌పీసుతో నేల మీద గీస్తే మంచమో బీరువానో ఎక్కడ అడ్డొస్తుందో అప్పుడే తెలిసిపోతుంది.

తర్వాత మనిషిని చూడండి. తాటిచెట్టు మీంచి పడి నడుము కింద స్పర్శ పోయిన గీత కార్మికుడికి చేతుల్లో బలముంటుంది. సీటు ఎత్తులు సరిపోతే పక్కకు జరిగి తానే మారగలడు. పక్షవాతం వచ్చినవాళ్లకు పట్టుకునే కడ్డీ మంచి చెయ్యి వైపు ఉండాలి, పడిపోయిన చెయ్యి వైపు పెడితే ఉన్నా లేనట్టే. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్ల లెక్క వేరు. వాళ్లు కిందికి వంగలేరు కాబట్టి సీటు ఇంకో రెండు అంగుళాలు పైకుండాలి, నల్లా, సబ్బు, చెంబు నడుము ఎత్తులో ఉండాలి. ఎవరింట్లోనో చూసొచ్చిన కొలతలు మీ ఇంటికి కుదరకపోయేది ఇందుకే.

బాత్రూం

ఊళ్లలో కట్టిన మరుగుదొడ్లు చాలామటుకు కుర్చీ పట్టేంత ఉండవు. లెట్రిన్, స్నానాల గది పక్కపక్కనే ఉంటే మధ్యలోని నాలుగున్నర అంగుళాల గోడ తీసేసి రెండూ కలపడమే తేలికైన దారి. తీసే ముందు ఆ గోడ మీద స్లాబు ఆనుతోందా, పైన ట్యాంకు ఉందా చూడండి. ఉంటే ఇంజనీరుకు చూపించకుండా ముట్టుకోవద్దు. కలిపాక 7 అడుగుల 3 అంగుళాలకు 6 అడుగుల 7 అంగుళాలు వస్తే చాలా బాగు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్న 2200 బై 2000 మిల్లీమీటర్ల కొలత ఇదే. 5 బై 7తో కూడా సర్దుకోవచ్చు, కాకపోతే కుర్చీ లోపల తిరగదు, వచ్చినదారినే వెనక్కి పోవాలి.

కమోడ్ కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మనిషి వీల్‌చైర్ నుంచి కమోడ్ మీదికి మారతాడా, లేక మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీలో కూర్చుని అలాగే కమోడ్ మీదికి జరుగుతాడా? మారేవాళ్లకైతే సీటు 18-19 అంగుళాల ఎత్తులో, వీల్‌చైర్ సీటుకు దాదాపు సమానంగా ఉండాలి. మామూలు కమోడ్ సీటుతో కలిపి 16 అంగుళాలే ఉంటుంది కాబట్టి కింద రెండు మూడు అంగుళాల కాంక్రీటు దిమ్మె వేయాలి. ఆ దిమ్మె కమోడ్ అడుగు ఎంతుందో అంతే ఉండాలి. మేస్త్రీలు అందం కోసం నాలుగు వైపులా అర అడుగు పెంచి అరుగులా కడతారు. దానికి కుర్చీ కాలి పలకలు తగిలి దగ్గరికి రానే రాదు. కమోడ్ కుర్చీ వాడేవాళ్లకు ఇదంతా తలకిందులు. దిమ్మె వేశారంటే కుర్చీ కమోడ్ మీదికి ఎక్కదు. కమోడ్ సీటు, మూత పీకేసి, అంచుకు, కుర్చీ అడుగుకు మధ్య అర అంగుళం నుంచి ఒక అంగుళం ఖాళీ మిగిలేట్టు చూడాలి.

కమోడ్ మధ్యగీత నుంచి పక్క గోడకు 18 అంగుళాలు పెట్టండి. దగ్గరైతే మోచెయ్యి ఆడదు, దూరమైతే కడ్డీ అందదు. రెండో పక్కన కుర్చీ ఆగడానికి 3 అడుగులు ఖాళీగా వదలాలి. బకెట్, డ్రమ్ము అక్కడికి చేరకుండా చూడటం ఇంట్లోవాళ్ల పని.

కడ్డీల దగ్గరే ఎక్కువ మోసపోతాం. బట్టలేసుకునే స్టీలు రాడ్డు కడ్డీ కాదు. గాలితో అతుక్కునే రబ్బరు పిడులు కూడా వద్దు, అవి ఊడేది సరిగ్గా బరువు పడ్డప్పుడే. పైపు మందం ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాలు ఉండాలి, గోడకు, పైపుకు మధ్య ఖాళీ రెండు అంగుళాలు దాటొద్దు. ఎక్కువైతే చెయ్యి జారి మోచెయ్యి దాకా ఇరుక్కుంటుంది. అడ్డకడ్డీ సీటుకు 8 అంగుళాలు పైన బిగించి, దాని ముందు కొసన నిలువు కడ్డీ ఒకటి పెట్టండి. ఖాళీ వదిలిన వైపు పైకి మడిచే కడ్డీ కావాలి. స్క్రూలు గిలాబులో కాదు, ఇటుకలో దిగాలి. ఇటుకల మధ్య సిమెంటు సందులో పడ్డ స్క్రూ నెల తిరక్కుండానే వదులవుతుంది. నాలుగున్నర అంగుళాల గోడైతే ఆరపార రంధ్రం వేసి, వెనక ఇనుప పలక పెట్టి బోల్టులు బిగించడమే నమ్మకం. బిగించాక ఇంట్లో అందరికంటే బరువైన మనిషి దాన్ని పట్టుకుని పూర్తి బరువుతో వేలాడి చూడాలి. కదిలితే మళ్లీ బిగించాల్సిందే.

గుమ్మం దగ్గర మెట్టు తీసేస్తే నీళ్లు ఇంట్లోకొస్తాయన్నది అందరి భయం. అందుకు గుమ్మం అడ్డంగా నాలుగు అంగుళాల కాలువ తీసి జాలీ వేయండి. జాలీ సందులు చక్రం నడిచే దిశకు అడ్డంగా, అర అంగుళం లోపు ఉండాలి. నేల వాలు అడుగుకు పావు అంగుళం దాటొద్దు, దాటితే బ్రేకు వేయని కుర్చీ మోరీ వైపు జారుతుంది. టైల్స్ గరుకువి, చిన్నవి తీసుకోండి. సందులు ఎక్కువైతే పట్టు ఎక్కువ. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. సబ్బుతో కలిసి తెల్లటి పొరలా పేరుకుంటే గరుకు టైల్ కూడా జారుతుంది. వారానికోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో రుద్దండి. యాసిడ్ పోస్తే టైల్స్ మధ్య సిమెంటు తినేస్తుంది. తిప్పే నల్లాలు ఈ ఉప్పుకు బిగుసుకుపోతాయి కాబట్టి పొడుగు పిడి ఉన్నవి పెట్టించండి, మోచేత్తోనైనా తెరవొచ్చు. కాళ్లలో స్పర్శ లేనివాళ్లకు వేడి నీళ్లు కాలినా తెలియదు. బకెట్లో ముందు చల్లనీళ్లు పోసి, తర్వాతే వేడివి కలపాలి.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడితే లోపలికి తెరిచే తలుపును బయటివాళ్లు నెట్టలేరు. గొళ్లెం కూడా బయటినుంచి తీయగలిగేది పెట్టండి.

తలుపులు, గడప

బాత్రూం దర్వాజ రెండున్నర అడుగులని మేస్త్రీ చెప్పేది చౌకట్టు బయటి కొలత. చెక్క మందం పోతే 25, తెరిచిన తలుపు మందం కూడా పోతే 23-24 అంగుళాలే మిగులుతాయి. కుర్చీ పట్టదు. గదులకు పెట్టే 3 అడుగుల దర్వాజలో ఒకటి రెండు అంగుళాలే తక్కువైతే గోడ పగలగొట్టే ముందు తలుపు రెక్క తీసి కర్టెన్ వేసి చూడండి. జరిపే తలుపైతే పట్టా పైన ఉండాలి, నేలలో ఉన్న పట్టాకు ముందు చక్రాలు తట్టుకుంటాయి.

గోడ తెంపి దర్వాజ పెంచాల్సివస్తే ముందు లింటెల్ (దర్వాజ మీద గోడ బరువు మోసే కాంక్రీటు పట్టీ) సంగతి తెలుసుకోండి. ఇంటి చుట్టూ ఒకే బెల్టులా పోసింది ఉంటే బాధ లేదు. దర్వాజ మేరకే విడిగా పోసిందైతే అది రెండు వైపులా ఆరేడు అంగుళాలే గోడ మీద ఆనుతుంది. ఒకవైపు ఎనిమిది అంగుళాలు తెంపితే ఆ కొస గాలిలో వేలాడి, పై గోడ పగులుతుంది. రెండు పక్కలా జాకీలు పెట్టి, కొత్త పొడుగు లింటెల్ కూర్చోబెట్టి, అది గట్టిపడ్డాకే కింద తెంపాలి. రాతిగోడల మిద్దెలైతే ఇంకా జాగ్రత్త.

పసుపు రాసి బొట్లు పెట్టే గడపను కోయించడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, కోయాల్సిన పని కూడా లేదు. మూడు అంగుళాల గడపకు బయటొకటి, లోపలొకటి రెండడుగుల చెక్క వాలు చేయించండి. ఇది నిటారే, వెనక తోసే మనిషి ఉంటేనే సరిపోతుంది. సొంతంగా తోసుకునేవాళ్లకు మూడడుగులు కావాలి. గడప నెత్తి మీద వాటిని కలిపే పలక విడిగా ఉంటే శుక్రవారం తీసి పక్కన పెట్టుకోవచ్చు. కింద చెదలు పట్టకుండా నెలకోసారి తిరగేసి చూడండి.

మంచం సంగతి రెండు మాటల్లో: నులక, నవారు మంచాలు కుంగుతాయి, వాటి మీంచి కుర్చీలోకి మారడం కష్టం. గట్టి పరుపుతో కలిపి ఎత్తు కుర్చీ సీటంత, పక్కన మూడడుగుల ఖాళీ. వంటగట్టు 30-31 అంగుళాలకు దించి, కింద అరలు తీసేస్తే మోకాళ్లు పోతాయి. స్విచ్చులు నేల నుంచి మూడు నాలుగు అడుగుల మధ్య, సాకెట్లు అడుగున్నరకు తగ్గకుండా.

ర్యాంపు

లెక్క ఒకటే: ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు. 90 కిలోల బరువును, అంటే మనిషి, కుర్చీ కలిపి, ఈ వాలులో తోయడానికి ఏడున్నర కిలోల బలం చాలు. అంగుళానికి అరడుగు చేస్తే 15 కిలోలు కావాలి, ముందు చక్రాలు లేచి కుర్చీ వెనక్కి పడే ప్రమాదం కూడా ఉంది.

ఎత్తు కొలిచేటప్పుడు మెట్ల మొదట్లో టేపు పెట్టడం మామూలుగా జరిగే తప్పు. వాకిలి రోడ్డు వైపు వాలి ఉంటుంది. బేస్‌మెంట్ 18 అంగుళాలైనా 18 అడుగుల దూరంలో నేల ఇంకో నాలుగు అంగుళాలు కిందుంటే మీకు కావాల్సింది కనీసం 22 అడుగులు. నీళ్ల లెవల్ ట్యూబుతో ర్యాంపు ఆగే చోటునే కొలవండి. పైన తలుపు ముందు 5 అడుగుల చదును తప్పదు, లేకుంటే తలుపు తీసేలోపు కుర్చీ వెనక్కి జారుతుంది. కింద కూడా అంతే చదును వదలండి. 30 అడుగులు దాటితే మధ్యలో ఆగడానికి ఇంకో చదును. చోటు లేకుంటే ఎల్ ఆకారంలో తిప్పండి, రోడ్డు మీదికి మాత్రం పొడిగించొద్దు.

18 అడుగుల పొడవు, గోడల మధ్య 4 అడుగుల వెడల్పు, 18 అంగుళాల ఎత్తుకు లెక్క: పైన నాలుగు అంగుళాల కాంక్రీటు 24 ఘనపుటడుగులు అవుతుంది. 1:1½:3 పాళ్లలో సిమెంటు ఐదున్నర బస్తాలు, ఇసుక 10, కంకర 20 ఘనపుటడుగులు. కింద నింపడానికి మొరం 40 ఘనపుటడుగుల దాకా, పక్క గోడలకు ఇటుక వేరే. మొరం ఒకేసారి పోసి పైన కాంక్రీటు వేస్తే తొలి వానకే కుంగి, గుమ్మం దగ్గర అర అంగుళం మెట్టు లేస్తుంది. కుర్చీని ఆపడానికి ఆ అర అంగుళం చాలు. అరడుగు చొప్పున పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి.

పైన నున్నగా సిమెంటు రుద్దనివ్వకండి. పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డగీతలు గీయించండి. బండలే కావాలంటే పాలిష్ పెట్టని తాండూరు బండలు. ఎండాకాలంలో పోస్తే గోనెసంచులు పరిచి కనీసం పది రోజులు తడపాలి. రెండు అంచులకూ మూడు నాలుగు అంగుళాల కట్ట ఉంటే చక్రం పక్కకు జారదు. కడ్డీలు రెండు వైపులా, రెండున్నర అడుగుల దగ్గర ఒకటి, మూడడుగుల దగ్గర ఒకటి. మే నెలలో నల్లగొండ ఎండకు స్టీలు పైపు పట్టుకోలేం. ప్లాస్టిక్ తొడుగు వేయండి లేదా పైన రేకు దించండి. మోరీ మీద పరిచిన బండల మధ్య సందులను కూడా సిమెంటుతో మూసేయండి.

వెల్డింగ్ షాపులో 3 మిల్లీమీటర్ల చెకర్ ప్లేటుతో (జారకుండా ఉబ్బు గీతలున్న ఇనుప రేకుతో) తీసి పెట్టే ర్యాంపు చేయించుకోవచ్చు. 3 బై 3 అడుగుల పలకే 20 కిలోలు దాటుతుంది, యాంగిల్స్‌తో కలిపితే ఇద్దరు మోయాలి. మూడు నాలుగు అంగుళాల ఎత్తుకే పనికొస్తుంది.

ఇందిరమ్మ ఇల్లు మొదలుపెట్టబోతున్నవాళ్లు ఇవన్నీ బేస్‌మెంట్ వేసేముందే మేస్త్రీకి చెప్పండి. 400 నుంచి 600 చదరపు అడుగుల్లోనే పెద్ద బాత్రూం, వెడల్పు దర్వాజలు పడతాయి. గోడలు లేచాక మార్చాలంటే పని రెండింతలు. వాన నీళ్లు రాని చోటైతే బేస్‌మెంట్ అడుగు ఎత్తుకే ఆపండి, ర్యాంపు 12 అడుగులతో అయిపోతుంది.

బ్యాటరీ ట్రైసైకిల్, పక్క చక్రాల స్కూటీ ఉన్నవాళ్లు వాటిని ఇంట్లోకి ఎక్కించే ప్రయత్నం చేయొద్దు. వాకిట్లో నేల మట్టంలోనే రేకు నీడ, చుట్టూ వీల్‌చైర్ తిరిగే చోటు, ఎర్తింగ్ ఉన్న సాకెట్ చాలు. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జింగ్‌లో మండే గాలి వదులుతాయి, తలుపులు మూసిన పడకగదిలో పెట్టొద్దు. పూర్తిగా దిగిపోయేదాకా నడిపితే తొందరగా పాడవుతాయి. బండి వాడని రోజుల్లో కూడా పదిహేను రోజులకోసారి ఛార్జింగ్ పెట్టండి.