బర్రె సన్నుల్లో ఏది పుట్టుక, ఏది రోగం: సమస్య - పరిష్కారం

పెబ్బేరు సంతలో అయినా, పక్కింటి రైతు దగ్గరైనా బర్రెను కొనేటప్పుడు చెయ్యి ముందు పొదుగు కిందికే పోతుంది. ఇంటికి తెచ్చాక సన్నుల్లో ఏదైనా తేడా కనిపిస్తే కొందరు భయపడి నాటువైద్యం మొదలుపెడతారు, కొందరు "అదే పోతది" అని వదిలేస్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పాడి రైతులు ఈ రెండింటి వల్లే ఎక్కువగా నష్టపోతున్నారు. అందుకే నేను ముందుగా అడిగేది ఒక్కటే: ఇది పుట్టినప్పటి నుంచీ ఉన్నదా, ఈ మధ్య వచ్చిందా?

"ఐదో సన్ను ఉన్నది, ఏం జేయాలె?"

ఇది పుట్టుక. తల్లి కడుపులో పిండానికి చంక నుంచి గజ్జల దాకా రెండు వైపులా ఒక పాలగీత ఏర్పడుతుంది. తర్వాత ఆ గీత చాలావరకు కరిగిపోయి, ఆ జాతికి కావాల్సిన చోట మాత్రమే మిగులుతుంది. ఆవుకు, బర్రెకు నాలుగు, మేకకు, గొర్రెకు రెండు, కుక్కకు ఎనిమిది నుంచి పది. ఏనుగుకు ముందుకాళ్ల మధ్య, రొమ్ము మీద రెండు ఉంటాయి. కరగాల్సిన చోట కొంచెం మిగిలితే అదే అదనపు సన్ను. మనుషుల్లోనూ ఇదే జరుగుతుంది. రొమ్ము కింద పుట్టుమచ్చ అనుకునేది ఒక్కోసారి అదనపు చనుమొన అయి ఉంటుంది. ఆడా మగా తేడా తేలకముందే ఈ గీత ఏర్పడుతుంది కాబట్టి మగవాళ్లకూ చనుమొనలు ఉంటాయి, మేకపోతుకూ ఉంటాయి.

ఈనిన బర్రెకు వెనక చిన్న సన్ను ఉండి, అందులో పాలు రాకుండా, పిండడానికి అడ్డం రాకుండా ఉంటే దాని జోలికి పోవద్దు. పెయ్యదూడకు ఉంటే మొదటి కొన్ని నెలల్లోనే పశువుల డాక్టరుకు చూపించండి, తేలికగా తీసేస్తారు. దారం కట్టడం, బ్లేడుతో కోయడం చేయకండి. దూడ చిన్నగా ఉన్నప్పుడు ఏది అసలు సన్నో ఏది అదనమో పోల్చుకోవడం కష్టం, అసలుది పోతే ఆ భాగం పాలు జన్మంతా పోయినట్టే.

మేకల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. సన్ను చివర రెండుగా చీలినా, పక్కన ఇంకోటి అతుక్కుని ఉన్నా పిల్ల సరిగా తాగలేదు. ఈ లోపం వంశంలో దిగుతుంది. మందకు పోతును ఎంచేటప్పుడు కొమ్ములు, ఒడ్డూపొడవూ చూస్తారు. వృషణాల ముందు ఉండే దాని సన్నులు కూడా చూడండి. రెండే ఉండాలి, విడివిడిగా ఉండాలి. దాని కూతుళ్ల పొదుగు ఎట్లా ఉంటుందో కొంత అక్కడే తెలుస్తుంది.

వెనక సన్నులు ముందువాటికంటే పొడవుగా ఉన్నాయని దిగులుపడేవాళ్లూ ఉన్నారు. బర్రెకు అది సహజం, వెనక భాగాలే ఎక్కువ పాలిస్తాయి.

"చేపుతలేదు"

బర్రె పాలల్లో చాలా కొద్ది భాగమే సన్నుకు పైన ఉండే పాలగదిలో నిలుస్తుంది. మిగతాదంతా పైన సన్నని పాలగ్రంథుల్లోనే ఉండి, మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వచ్చాకే కిందికి దిగుతుంది, దీన్నే చేపడం అంటారు. ఆవుకంటే బర్రెకు దీనికి ఎక్కువ సేపు పడుతుంది. కొత్త మనిషి కూర్చున్నా, అరిచినా, కొట్టినా ఆ పని ఆగిపోతుంది. కాబట్టి రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి కూర్చోవాలి. ముందు తవుడు పెట్టండి, దూడను తాగనివ్వండి లేదా గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి మెల్లగా రుద్దండి. చేపాక మధ్యలో లేవకుండా పిండేయండి. డాక్టరు చీటీ లేకుండా రోజూ ఆక్సిటోసిన్ సూది వేయడం చట్టానికి విరుద్ధం. పైగా అలవాటు పడిన బర్రె సూది లేనిదే చేపదు.

"గట్టిగున్నది, ధార సన్నగ వస్తున్నది"

నాలుగు సన్నులూ మొదటి ఈత నుంచీ ఇట్లాగే ఉంటే అది ఆ బర్రె తీరు. బర్రె సన్ను కొనను మూసే కండరం ఆవుకంటే బిగుతుగా ఉంటుంది, క్రిములను బయట ఆపడంలో అది మేలే చేస్తుంది. ఇక్కడ చెడగొట్టేది మన చెయ్యి. బొటనవేలు మడిచి, దాని కణుపుతో నొక్కి పిండితే సన్ను లోపలి పొర నలుగుతుంది. అక్కడ మచ్చ కట్టి, కండ పెరిగి, దారి మూసుకుపోతుంది. పిడికిలంతా సన్ను చుట్టూ పట్టి, పైనుంచి కిందికి ఒక్కో వేలు బిగిస్తూ పిండండి.

మొన్నటిదాకా బాగా వచ్చిన ఒక్క సన్నులోనే ధార తగ్గితే రెండు వేళ్ల మధ్య పెట్టి పై నుంచి కొన దాకా మెల్లగా తడమండి. శనగగింజంత గట్టిది కదులుతూ తగిలితే లోపల గడ్డ ఉన్నట్టు. వేపపుల్ల, చీపురుపుల్ల, సైకిల్ పుల్ల దూర్చొద్దు. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. అట్లా దూర్చిన పుల్లతోనే క్రిములు లోపలికి పోయి, నాలుగోవంతు పొదుగు రాయిలా గట్టిపడి పనికిరాకుండా పోతుంది. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్యులకు చెప్పండి, లేదా దవాఖానకు తోలుకుపోండి.

"పాలల్ల పలుకులు వస్తున్నయి"

ఇది పొదుగువాపు, ఆగే పని కాదు. ప్రతి సన్ను మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పిండండి, పలుకులుంటే తెల్లగా కనిపిస్తాయి. పలుకులు రాకముందే పట్టుకోవాలంటే అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి, ఆ నీళ్లూ పాలూ సమానంగా గిన్నెలో పోసి తిప్పండి. జిగటగా గడ్డకడితే ఆ సన్నులో రోగం మొదలైంది. పొదుగులో నాలుగు గదులకూ ఒకదానితో ఒకటికి దారి లేదు కాబట్టి దేనికది విడిగా చూడాలి.

పిండిన తర్వాత సన్ను రంధ్రం అరగంటకు పైగా తెరుచుకునే ఉంటుంది. ఆ సమయంలో పేడలో పడుకుంటే క్రిములు నేరుగా లోపలికి పోతాయి. వెంటనే గడ్డి వేసి నిలబెట్టండి, సన్నులను పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచండి. రోగమున్న సన్ను చివర పిండి, ఆ పాలు కొట్టంలో పోయకండి. మందు కోర్సు సగంలో ఆపొద్దు. డాక్టరు చెప్పిన రోజులదాకా నాలుగు సన్నుల పాలూ పాల కేంద్రానికి పోయొద్దు.

పులిపిర్లు మాత్రం వైరస్ వల్ల వస్తాయి, చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే రాలిపోతాయి. ఆ బర్రెను చివర పిండి చేతులు కడుక్కుంటే చాలు. బొబ్బలు, పుండ్లు వస్తే అది బర్రెలకు వచ్చే మశూచి (బఫెలో పాక్స్) కావచ్చు, పిండేవాళ్ల చేతులకూ అంటుతుంది.

ఇంట్లోవాళ్ల సంగతి

అప్పుడే పుట్టిన బిడ్డకు, ఆడైనా మగైనా, రొమ్ములు ఉబ్బి చుక్క పాలు కారవచ్చు. అది తల్లి హార్మోన్ల ప్రభావం, కొన్ని వారాల్లో పోతుంది. పెద్దవాళ్లు "పిండాలె" అంటే ఒప్పుకోకండి, చీము పడుతుంది. చనుమొన లోపలికి ఉన్న తల్లిని "పాలియ్యలేదు" అని ముద్ర వేయడం అన్యాయం. బిడ్డ నోటికి చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా అందేలా పట్టిస్తే చాలామంది పాలివ్వగలరు, ఆశా కార్యకర్తో నర్సో పక్కన కూర్చుని చూపిస్తారు. కానీ ఇన్నాళ్లూ బయటికి ఉన్నది కొత్తగా లోపలికి పోయినా, రక్తం కారినా, ఒకవైపే మానని పుండు ఉన్నా, పొట్టు రాలుతున్నా, గడ్డ తగిలినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి. మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.