ఇరవై అట్టముక్కలతో ఆవర్తన పట్టిక

రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నడిచే పిల్లలను మూలకాల పాఠంలో ముందుగా తికమక పెట్టేవి పేర్లు. ఇంట్లో రాగి, బడిలో తంబా. ఇనుము లుహా అవుతుంది. ఆమ్లజని–అమ్లజాన, ఉదజని–ఉదజాన దగ్గరగానే ఉన్నా, నత్రజనిని యవక్షారజాన అనేసరికి అదేదో వేరే వాయువనుకుంటారు. రెండు భాషల్లోనూ మారనిది ఇంగ్లీషు అక్షరాలతో రాసే మూలకం సంకేతం ఒక్కటే కాబట్టి పాఠాన్ని దానికి కట్టేయండి. 118 గదుల గోడచార్టును మాత్రం మొదటిరోజే తగిలించకండి. దాన్ని చూడగానే పిల్లలు బట్టీకి దిగుతారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా మొదటి ఇరవై మూలకాలు చాలు.

ముందు బల్ల మీద వస్తువులు పెట్టండి: ఇనుప మేకు, రాగి తీగ, అల్యూమినియం రేకు, మూతబిగించిన సీసాలో కొంచెం గంధకం, ఉప్పు, పంచదార, ఇత్తడి చెంబు, స్టీలు గ్లాసు. ఏవి మూలకాలో విడదీయమనండి. లోహంలా మెరుస్తాయి కాబట్టి ఇత్తడినీ స్టీలునూ దాదాపు అందరూ మూలకాల గుంపులో వేస్తారు. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. వంటింటి స్టీలులో ఇనుముతోపాటు క్రోమియం, చాలావాటిలో నికెల్ కూడా ఉంటుంది. అయస్కాంతం ఇస్తే కొన్ని స్టీలు గ్లాసులు అంటుకోవు, "అయితే ఇందులో ఇనుము లేదు" అని తేల్చేస్తారు. నికెల్ కలవడం వల్ల లోపల పరమాణువుల అమరిక మారి అయస్కాంత గుణం పోతుందనీ, ఇనుము మాత్రం అందులోనే ఉందనీ చెప్పండి.

రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు, తీగ ముక్కలతో ఏది కరెంటును పోనిస్తుందో చూపించండి. మోటారు వైండింగులోంచి తీసిన రాగి తీగ అయితే బల్బు వెలగదు. దాని మీద వార్నిషు పూత ఉంటుంది, కొసలు బ్లేడుతో పెద్దవాళ్లే గీకాలి. గంధకాన్ని వెలిగించి చూపించొద్దు, ఆ పొగ గొంతు పట్టేస్తుంది. పాదరసం కోసం థర్మామీటరు పగలగొట్టడం అసలే వద్దు.

మన చుట్టుపక్కలే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. పంచపట్మాలి కొండల్లో దొరికే అల్యూమినియం ఖనిజం బాక్సైటు ఎర్రమట్టిలా ఉంటుంది. దామన్‌జోడిలో దాన్నుంచి తెల్లని అల్యూమినా పొడి తీస్తారు. ఆ పొడి ఇంకా సమ్మేళనమే, అందులో ఆక్సిజన్ ఉంది. అంగుల్ కర్మాగారంలో కరెంటు పంపి ఆక్సిజన్‌ను విడగొట్టాకే అల్యూమినియం అనే మూలకం చేతికొస్తుంది.

ఇప్పుడు ఇరవై అట్టముక్కలు కోయండి, 7 సెంటీమీటర్ల వెడల్పు, 9 పొడవు. పాత శుభలేఖల అట్ట బాగా పనికొస్తుంది. మధ్యలో పెద్దగా సంకేతం, పైన ఎడమవైపు పరమాణు సంఖ్య, కింద తెలుగు, ఒడియా పేర్లు, మూలన పరమాణు ద్రవ్యరాశి. సంకేతంలో రెండో అక్షరం ఎప్పుడూ చిన్నబడిలోనే ఉండాలి. సి పక్కన చిన్న ఓ రాస్తే కోబాల్టు, పెద్ద ఓ రాస్తే కార్బన్ మోనాక్సైడు! ఈ ఇరవైలో ఇంగ్లీషు పేరుకూ సంకేతానికీ పొంతన లేనివి సోడియం, పొటాషియం రెండే. వాటి లాటిన్ పేర్లు నేట్రియం, కేలియం అని చెప్తే చాలు.

అసలు పని గింజలతో. గింజ అంటే ఎలక్ట్రాన్, వృత్తం అంటే పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే కక్ష్య, పరమాణు సంఖ్య ఎంతో ఎలక్ట్రాన్లు అన్ని. నేల మీద సుద్దతో ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు వృత్తాలు గీసి, ఒక్కో అట్టకు దాని సంఖ్య ఎంతో అన్ని కందిగింజలు పేర్పించండి. లోపలి వృత్తంలో 2, తర్వాత 8, తర్వాత 8, మిగిలినవి నాలుగోదాంట్లో. సోడియం 2, 8, 1. పొటాషియం 2, 8, 8, 1. చివరి వృత్తంలో ఒకే లెక్క వచ్చిన అట్టలను ఒకదాని కింద ఒకటి పెట్టమంటే ఎనిమిది నిలువు వరసలు వాటంతటవే పడతాయి. హీలియం దగ్గర ఆగిపోతారు: రెండే గింజలు కదా, బెరీలియం మీద పెట్టాలి కదా అని. దాని ఒక్క వృత్తం నిండిపోయింది, అందుకే నిండినవాళ్ల వరసలో నియాన్ మీద కూర్చుంటుంది.

పట్టిక కుదిరాక సిలికాన్ అట్టను దాచి, దాని ద్రవ్యరాశిని పిల్లలనే ఊహించమనండి. ఎడమన అల్యూమినియం 27, కుడిన ఫాస్ఫరస్ 31, సగటు 29. అసలుది 28. ఆవర్తన పట్టిక వేసిన రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ 1869లో చేసిందీ ఇలాంటి పనే. అప్పటికి తెలిసినవి 63 మూలకాలే, అయినా ఖాళీలు వదిలి, ఒకదానికి ఏక-అల్యూమినియం అని మన 'ఏక' తగిలించి పేరుపెట్టాడు, ద్రవ్యరాశి సుమారు 68 ఉంటుందన్నాడు. 1875లో దొరికిన గాలియం ద్రవ్యరాశి 69.7.

చురుకైనవాళ్లు ద్రవ్యరాశి వరసలో పేరిస్తే ఆర్గాన్ 39.95, పొటాషియం 39.10 తారుమారవుతాయి. వెంటనే సరిదిద్దకుండా కాసేపు తంటాలు పడనివ్వండి. పొటాషియం హీలియం, నియాన్ ఉన్న జడవాయువుల వరసలో పడిందని వాళ్లే పట్టుకుంటారు. వరసను నిర్ణయించేది పరమాణు సంఖ్య అని 1913లో ఇంగ్లండు శాస్త్రవేత్త మోస్లీ చూపించాడన్న మాట అప్పుడు చెవికెక్కుతుంది.

గోడచార్టు ఇప్పుడు తగిలించండి. కాల్షియం తర్వాత 21 నుంచి 30 దాకా కొత్తగా పది గదులు కనిపిస్తాయి. వాటిలో థేరుబలిలో తయారయ్యే ఫెర్రోక్రోమ్ అనే ఇనుము–క్రోమియం మిశ్రలోహంలోని క్రోమియాన్ని 24లో, ఛత్రపూర్ సముద్రపు ఇసుక నుంచి వచ్చే టైటానియాన్ని 22లో వెతకమనండి. అదే ఇసుకలోని థోరియం మాత్రం అడుగున విడిగా వేసిన రెండు వరసల్లో, 90లో దొరుకుతుంది.